45 స్పీడ్‌కే ఎందుకు అరుస్తాం? హారర్ రోలర్ కోస్టర్ల కథ

 ఈరోజు ఎపిసోడ్ ఒక చిన్న లెక్కతో మొదలుపెడదాం.

మీరు బైక్ మీద కాలేజీకో ఆఫీసుకో వెళ్తున్నారు. రోడ్డు కొంచెం ఖాళీగా ఉంది. స్పీడోమీటర్‌లో ముల్లు 45 చూపిస్తోంది. భయమేస్తుందా? వెయ్యదు. పాట కూనిరాగం తీసుకుంటూ వెళ్ళిపోతాం.

ఇప్పుడు అమెరికాలో ఫ్లోరిడాకి వెళ్దాం. అక్కడ డిస్నీ వరల్డ్‌లో స్పేస్ మౌంటెన్ అని ఒక రోలర్ కోస్టర్ ఉంది. 1975 జనవరిలో మొదలైంది. యాభై ఏళ్ళుగా జనం అందులో కూర్చుని గొంతు చించుకుని అరుస్తున్నారు. మరి దాని టాప్ స్పీడ్ ఎంతో తెలుసా? గంటకి సుమారు 45 కిలోమీటర్లు. అవును, మీ బైక్ స్పీడే.

మరి తేడా ఎక్కడుంది? లోపల చీకటి, అంతే. ముందు మలుపు ఉందో, పల్లం ఉందో, తలకి ఏదైనా తగులుతుందో కనపడదు. అప్పుడు ఆ లెక్క మన బుర్ర వేసుకుంటుంది, ఎప్పుడూ ఎక్కువే వేసుకుంటుంది. మన పెద్దవాళ్ళు దీన్ని రెండు మాటల్లో చెప్పేశారు. అనుమానం పెనుభూతం.

ఈరోజు టాపిక్ ఇదే. రోలర్ కోస్టర్‌కి దయ్యాల్నీ రాక్షసుల్నీ శాపాల్నీ ఎందుకు తగిలించారు? ఎప్పుడు మొదలైంది? ఏ పార్క్ ఎలా భయపెడుతోంది? ఇంకో ప్రశ్న కూడా ఉంది. ఉత్తుత్తి భయం అమ్మే చోట నిజం ప్రమాదం వస్తే ఏమవుతుంది? అది నాకు పర్సనల్‌గా చాలా ముఖ్యమైన ప్రశ్న. ఎందుకో చివర్లో చెప్తాను, స్కిప్ చెయ్యకండి.

మంచు కొండల నుంచి చీకటి సొరంగాల దాకా

అసలు ఈ జారుడు ఆటలు రష్యాలో మొదలయ్యాయి. చలికాలంలో చెక్కలతో పెద్ద ఎత్తు కట్టి, దాని మీద నీళ్ళు పోసి గడ్డకట్టించి, పైనుంచి జారేవాళ్ళు. ఆ సరదా ఫ్రాన్స్‌కి చేరింది. 1817లో పారిస్‌లో చక్రాల బండ్లతో ఇలాంటివి కట్టారు. అందుకే ఫ్రెంచ్‌లో ఇప్పటికీ రోలర్ కోస్టర్‌ని 'రష్యా కొండలు' అంటారు. కామెడీ ఏంటంటే, రష్యా వాళ్ళు మాత్రం వీటిని 'అమెరికా కొండలు' అంటారు!

అమెరికా పేరు ఎందుకొచ్చిందంటే, దీన్ని పెద్ద వ్యాపారం చేసింది వాళ్ళే. 1884లో న్యూయార్క్ దగ్గర కోనీ ఐలాండ్‌లో లామార్కస్ థాంప్సన్ అనే ఆయన స్విచ్‌బ్యాక్ రైల్వే అని ఒకటి పెట్టాడు. టికెట్ 5 సెంట్లు. స్పీడ్ గంటకి 10 కిలోమీటర్ల చుట్టుపక్కల. మన షేర్ ఆటో కూడా దాన్ని ఓవర్‌టేక్ చేసేస్తుంది. అయినా జనం క్యూ కట్టారు.

థాంప్సన్ అక్కడితో ఆగలేదు. 1887లో అట్లాంటిక్ సిటీలో సీనిక్ రైల్వే అని ఇంకోటి పెట్టాడు. ఇక్కడ ట్రాక్ చీకటి సొరంగాల్లోంచి వెళ్తుంది. బండి ఒక చోటికి రాగానే దీపాలు వెలిగి, గోడల మీద వేసిన బొమ్మలు ఒక్కసారిగా కనిపిస్తాయి. అది హారర్ కాదు, అందమైన దృశ్యాలే. కానీ ఒక ఐడియా పుట్టేసింది చూశారా? ట్రాక్ అనేది ఒక కథ చెప్పొచ్చు. చీకటిలో పెట్టి, మనం అనుకున్న క్షణంలో, అనుకున్నది చూపించొచ్చు. ఆ తర్వాత వచ్చిన ప్రతి హారర్ కోస్టర్‌కీ మూలం ఈ ట్రిక్కే.

నరక ద్వారం తగలబడిన రాత్రి

1904లో అదే కోనీ ఐలాండ్‌లో డ్రీమ్‌ల్యాండ్ అని పెద్ద పార్క్ వచ్చింది. తెల్లటి భవనాలు, లక్షల బల్బులు. అందులో 'హెల్ గేట్' అని ఒక రైడ్ ఉండేది, అంటే నరక ద్వారం. పడవలో కూర్చుంటే సుడిగుండంలాంటి దాంట్లో గుండ్రంగా తిరుగుతూ తిరుగుతూ మధ్యలోకి వెళ్ళి, నేల కింది కాలువలోకి దిగిపోతుంది. 'నరకంలోకి తీసుకెళ్తున్నాం, టికెట్ కొనండి' అన్నమాట.

1911 మే 27. సీజన్ మొదలవ్వాల్సిన రోజు. తెల్లవారుజామున ఇంకా చీకటి ఉండగా, పనివాళ్ళు హెల్ గేట్‌లో లీకేజీలకి వేడి తారు పూస్తున్నారు. ఉన్నట్టుండి లైట్లు పోయాయి. ఆ చీకటిలో తారు బకెట్ తన్నుకుని ఒలికింది. నిప్పంటుకుంది. పార్క్ అంతా చెక్క, దాని మీద ప్లాస్టర్ పూత. తెల్లారేసరికి డ్రీమ్‌ల్యాండ్ బూడిద. మళ్ళీ ఎప్పుడూ కట్టలేదు.

ఆ పార్క్‌లో ఒక వింత ప్రదర్శన కూడా ఉండేది. నెలలు నిండకుండా పుట్టిన పసిపిల్లల్ని ఇంక్యుబేటర్లలో పెట్టి, జనానికి టికెట్ మీద చూపించేవాళ్ళు. ఆ డబ్బుతోనే ఆ పిల్లలకి వైద్యం. ఆ రాత్రి ఆ పిల్లలందరినీ బయటికి తెచ్చేశారు, బతికారు. జంతువుల షో మాత్రం ఘోరం అయిపోయింది. ఒక సింహం జూలుకి నిప్పంటుకుని బయటికి పరిగెత్తి, పక్కనున్న ఇంకో రైడ్ కట్టడం ఎక్కేసింది. దాన్ని కాల్చి చంపాల్సి వచ్చింది.

ఒక్కసారి ఆలోచించండి. నరకం చూపిస్తామన్న రైడ్‌లోనే నిజం నిప్పు పుట్టింది. కారణం శాపం కాదు, దయ్యం కాదు. తారు, కరెంటు, చెక్క. ఈ పాయింట్ గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తాం.

దయ్యాల రైలు వేరు, కోస్టర్ వేరు

1928లో న్యూజెర్సీలో లియాన్ క్యాసిడీ అనే ఆయనకి తన చిన్న పార్క్‌లో ఒక చీకటి రైడ్ పెట్టాలని ఉంది. అప్పట్లో చీకటి రైడ్ అంటే నీళ్ళ కాలువలో పడవ. దానికి ఖర్చెక్కువ, అంత బడ్జెట్ లేదు. దాంతో ఒకే పట్టా మీద నడిచే చిన్న కరెంటు బండి తయారుచేశాడు. చీకటి గదిలో వంకర టింకరగా తిరిగి, మలుపు దగ్గర హఠాత్తుగా అస్థిపంజరం చూపిస్తుంది. దానికి 'ప్రెట్జెల్' అని పేరు పెట్టాడు. ప్రెట్జెల్ అంటే జంతికలాగా మెలికలు తిరిగిన ఒక తినుబండారం. 1930లో ఇంగ్లండ్‌లోని బ్లాక్‌పూల్ పార్క్ ఈ రైడ్ తెచ్చుకుంది. అక్కడివాళ్ళకి ప్రెట్జెల్ అంటే ఏంటో తెలీదు. అందుకని 'ఘోస్ట్ ట్రైన్' అని పేరు మార్చారు. ఆ పేరు ప్రపంచమంతా అంటుకుపోయింది.

ఇక్కడ నాకొక డౌట్ వచ్చింది. చీకటి ఉంది, దయ్యం ఉంది, కోస్టర్ ఉంది. మరి ఈ మూడూ కలవడానికి దశాబ్దాలు ఎందుకు పట్టింది?

కారణం ఇంజనీరింగ్. దయ్యం బొమ్మ కనిపించాలంటే బండి నెమ్మదిగా వెళ్ళాలి. కోస్టర్ అంటే ఒకసారి పైనుంచి వదిలాక భూమ్యాకర్షణ చేతిలో ఉంటుంది, మధ్యలో 'ఆగు, ఇటు చూడు' అనలేం. పైగా పాత చెక్క కోస్టర్లకి చాలా స్థలం కావాలి, ఒక గదిలో పట్టవు.

1959లో డిస్నీల్యాండ్‌లో మ్యాటర్‌హార్న్ వచ్చింది. గొట్టాల్లాంటి స్టీల్ పట్టాలతో చేసిన మొదటి కోస్టర్ అది. గొట్టం అయితే ఎటు కావాలంటే అటు వంచొచ్చు, ఒక కృత్రిమ కొండ లోపల దూర్చెయ్యొచ్చు. 1978లో ఆ కొండలోకి ఒక మంచు మనిషిని కూడా పెట్టారు. ఎర్ర కళ్ళు, పెద్ద గర్జన. అలా కోస్టర్‌కి ఒక రాక్షసుడు దొరికాడు.

ఆరుగురు పోటీదారులు, నాలుగు ట్రిక్కులు

సరే, ఇప్పుడు అసలు పోలిక. ఆరు కోస్టర్లు తీసుకుందాం. ఎవరు ఎంత ఎత్తు, ఎంత స్పీడ్ అని కాదు, ఎవరు మన బుర్రతో ఎలా ఆడుకుంటున్నారు అని చూద్దాం.

మొదటిది నెమెసిస్. ఇంగ్లండ్, ఆల్టన్ టవర్స్, 1994. ఆ పార్క్ ఉన్న చోట చెట్లకంటే ఎత్తుగా ఏదీ కట్టకూడదని రూల్. మామూలుగా అయితే పెద్ద కోస్టర్ అసాధ్యం. డిజైనర్ జాన్ వార్డ్‌లీ బృందం ఏం చేసిందంటే, పైకి వెళ్ళలేం కాబట్టి కిందికి వెళ్దాం అనుకుంది. రాతి నేలని పేల్చి గుంత తవ్వారు. నేల నుంచి చూస్తే కోస్టర్ ఎత్తు 13 మీటర్లే, కానీ డ్రాప్ 31 మీటర్లకి పైనే. ఆ గుంతకి ఒక కథ అల్లారు. భూమిలో దొరికిన గ్రహాంతర జీవి ఇది, దాన్ని స్టీల్ పట్టాలతో కట్టేశాం అని. గుంతలో పారే నీళ్ళకి ఎర్ర రంగు కలిపారు, నెత్తురులాగా. ప్లానింగ్ ఆఫీసు రూల్ ఒక హారర్ కథకి పుట్టుక అయింది! 2022లో మూసేసి, ట్రాక్ మార్చి, 2024 మార్చి 16న, అంటే సరిగ్గా 30 ఏళ్ళకి, మళ్ళీ తెరిచారు.

రెండోది రివెంజ్ ఆఫ్ ద మమ్మీ. యూనివర్సల్ వాళ్ళది, 2004లో ఓర్లాండోలో, హాలీవుడ్‌లో వచ్చింది. 2010లో సింగపూర్‌లో కూడా. మన తెలుగువాళ్ళలో చాలామంది ఎక్కిన హారర్ కోస్టర్ ఇదే అయ్యుంటుంది, సింగపూర్ టూర్ ప్యాకేజీ పుణ్యమా అని. ఇక్కడ ఇందాకటి సమస్యకి సమాధానం దొరికింది. ట్రైన్‌ని ఎత్తు నుంచి వదలక్కర్లేదు, అయస్కాంత మోటార్లతో లాంచ్ చెయ్యొచ్చు. అంటే మొదటి సగం ఘోస్ట్ ట్రైన్‌లా నెమ్మదిగా కథ చెప్పి, రెండో సగం కోస్టర్‌లా ఉరికించొచ్చు. ఓర్లాండో వెర్షన్‌లో ఒక అద్భుతమైన అబద్ధం ఉంది. రైడ్ అయిపోయినట్టు ట్రైన్ స్టేషన్‌లోకి వస్తుంది. అద్దం వెనక స్టాఫ్ కనిపిస్తారు. హమ్మయ్య అని మీరు బార్ మీంచి చెయ్యి తీస్తారు. అప్పుడు మమ్మీ గొంతు వినిపించి, పైకప్పంతా మంటలు లేచి, ట్రైన్ మళ్ళీ పడిపోతుంది. ఇంటర్వెల్ తర్వాత విలన్ బతికే ఉన్నాడని చూపించినట్టు.

మూడోది ఎక్స్‌పెడిషన్ ఎవరెస్ట్. డిస్నీ, ఫ్లోరిడా, 2006. మన హిమాలయాల కథే. టీ తోటల రైలు, నిషిద్ధ పర్వతం, దాన్ని కాపాడే యేతి. క్యూ లైన్‌లోనే ఒక యేతి మ్యూజియం పెట్టారు, ఎక్కేలోపే సగం నమ్మేస్తాం. కొండ ఎత్తు 200 అడుగులకి కొంచెం తక్కువ. 200 దాటితే విమానాల కోసం ఎర్ర లైట్ పెట్టాలి, హిమాలయం మీద ఎర్ర లైట్ ఏం బాగుంటుంది చెప్పండి. పైకి వెళ్ళేసరికి ముందు పట్టాలు విరిచేసి ఉంటాయి. ట్రైన్ ఆగి, చీకటిలో వెనక్కి వెళ్తుంది. చివర్లో 25 అడుగుల యేతి చెయ్యి చాపుతుంది. చాపాలి, కానీ చాపదు! తెరిచిన కొద్ది నెలలకే దాని కదలిక ఆగిపోయింది. అంత పెద్ద బొమ్మని ఆ కొండ లోపల బాగుచెయ్యడం తేలిక కాదు. అప్పటినుంచి దాని మీద లైట్లు టపటపా కొట్టి, కదిలినట్టు భ్రమ కల్పిస్తున్నారు. ఫ్యాన్స్ ముద్దుగా డిస్కో యేతి అంటారు. అయినా జనం అరుస్తూనే ఉన్నారు. అంటే భయపెట్టింది యేతి కాదు, యేతి వస్తుందేమో అన్న అనుమానం. పెనుభూతం!

నాలుగోది సా ద రైడ్. ఇంగ్లండ్, థోర్ప్ పార్క్, 2009. 2004లో వచ్చిన సా సినిమా ఆధారంగా. చీకటి గదులు, ఉచ్చులు, తెరమీద ఆ బొమ్మ ముఖం. తర్వాత నిటారుగా 30 మీటర్లు ఎక్కించి, 100 డిగ్రీల కోణంలో పడేస్తుంది. 90 అంటే గోడలా నిలువు. 100 అంటే గోడకంటే లోపలికి, మీ కింద ట్రాక్ కనపడదు. ఇక్కడ నాకు ఆసక్తిగా అనిపించింది ఇంకోటి. ఆ సినిమా యూకేలో 18 ఏళ్ళు దాటినవాళ్ళకే. రైడ్‌కి పెట్టిన కొలత మాత్రం ఎత్తు, 1.4 మీటర్లు. తెరమీద నెత్తురుకి ఒక రూల్, బార్ కింద బాడీకి ఇంకో రూల్.

ఐదోది థర్టీన్. మళ్ళీ ఆల్టన్ టవర్స్, 2010. అడవిలో మామూలు ఫ్యామిలీ కోస్టర్‌లా వెళ్తుంది. ఇంతేనా అనుకుంటూ ఉండగా ఒక పాడుబడ్డ సమాధిలాంటి భవనంలోకి వెళ్ళి ఆగిపోతుంది. చీకటి. ఏమీ జరగదు. తర్వాత ట్రైన్ కింద ఉన్న ట్రాక్ ముక్కే, ట్రైన్‌తో సహా, దభీమని కిందికి పడిపోతుంది. పడేది ఐదు మీటర్లే, రెండో అంతస్తు ఎత్తు కూడా కాదు. కానీ పట్టాలు మాత్రం కదలవు అని మనకి ఒక నమ్మకం ఉంటుంది కదా, సరిగ్గా దాన్నే లాగేశారు. ఆ తర్వాత వెనక్కి పరిగెత్తిస్తారు.

ఆరోది వికర్ మ్యాన్. అదే పార్క్, 2018. చెక్క కోస్టర్. మధ్యలో దాదాపు 17 మీటర్ల మనిషి బొమ్మ, దానికి నిప్పంటుకుంటుంది, మీరు ఆ మంటల్లోంచి వెళ్తారు. చెక్క కోస్టర్, పక్కనే నిప్పు! 1911 డ్రీమ్‌ల్యాండ్ గుర్తొచ్చిందా? ఆ రోజు ప్రమాదమైనదే ఇప్పుడు షో. ఎందుకంటే ఇక్కడ ఆ నిప్పు ఎప్పుడు రావాలో, ఎంత రావాలో, ఎక్కడ ఆగాలో ముందే లెక్క కట్టి ఉంది.

ఇప్పుడు ఆరింటినీ కలిపి చూడండి, నాలుగు ట్రిక్కులే. ఒకటి, ఎదురుచూపు: క్యూలోనే భయం మొదలవ్వాలి. రెండు, చీకటి: తక్కువ చూపించి ఎక్కువ ఊహింపజెయ్యాలి. మూడు, అబద్ధం: అయిపోయింది అనిపించి అవ్వకూడదు. నాలుగు, నమ్మకం లాగెయ్యడం: పట్టాలున్నాయి, నేలుంది అన్న ధైర్యం ఒక్క సెకను పోవాలి. నా ఓటు ఎవరికంటే థర్టీన్‌కి. ఐదు మీటర్లతో ఆ పని చేసింది కాబట్టి. మీరు ఒప్పుకోకపోవచ్చు, కామెంట్స్‌లో కొట్టుకుందాం.

భయం నిజమైనప్పుడు

ఇక సీరియస్ పార్ట్.

1984 మే 11. న్యూజెర్సీలో సిక్స్ ఫ్లాగ్స్ గ్రేట్ అడ్వెంచర్ పార్క్. అక్కడ హాంటెడ్ కాజిల్ అని నడిచి వెళ్ళే దయ్యాల కోట ఉండేది. నిజానికి అది కోట కాదు, ట్రైలర్లు ఒకదానికొకటి జోడించి చేసిన కట్టడం. చీకటిలో దారి కోసం ఒక కుర్రాడు లైటర్ వెలిగించాడు. గోడకున్న ఫోమ్‌కి అంటుకుంది. మంట ఆర్పే నీళ్ళ స్ప్రింక్లర్లు లేవు. ఎనిమిదిమంది టీనేజర్లు చనిపోయారు.

మీరు ఆ లోపల ఉన్నారనుకోండి. ఎక్కడో అరుపులు వినిపిస్తున్నాయి. పొగ వస్తోంది. చీకటి. మీరేమనుకుంటారు? షో బాగుంది అనుకుంటారు! హారర్‌లో ఉన్న అసలు డేంజర్ అదే. నిజం ప్రమాదం ఇచ్చే సిగ్నల్స్ అన్నీ అక్కడ ముందే నాటకంగా వాడేసి ఉంటారు. తాడుని చూసి పామనుకుంటే నష్టం లేదు. పాముని చూసి, అబ్బే తాడేలే, అనుకుంటేనే ప్రాణం మీదికొస్తుంది.

ఇంకొకటి. ఆల్టన్ టవర్స్‌లోనే 2013లో ద స్మైలర్ వచ్చింది. 14 సార్లు తలకిందులు చేస్తుంది, అప్పటికి వరల్డ్ రికార్డ్. థీమ్ ఏంటంటే, మనుషుల బుర్రలు కడిగేసి, బలవంతంగా నవ్వించే ఒక సంస్థ. పిచ్చి నవ్వుల మ్యూజిక్, పెద్ద పెద్ద కళ్ళు. చూడ్డానికే ఒకలాంటి జలదరింపు.

2015 జూన్ 2. గాలి గట్టిగా వీస్తోంది. ఒక ఖాళీ టెస్ట్ ట్రైన్ వదిలారు. అది ఒక మెలిక దాటలేక వెనక్కి జారి, పల్లంలో ఆగిపోయింది. వెనక ఇంకో ట్రైన్, అందులో 16 మంది.

ఇక్కడ ఒక నిమిషం టెక్నికల్. ఒకటికంటే ఎక్కువ ట్రైన్లు నడిచే కోస్టర్‌లో బ్లాక్ సిస్టమ్ ఉంటుంది. మన రైల్వేలో ఉన్నట్టే. ట్రాక్‌ని ముక్కలు చేస్తారు. ఒక ముక్కలో ఒక్క ట్రైనే ఉండాలి. ముందు ముక్క ఖాళీ అయితేనే వెనక ట్రైన్ కదలాలి. కోడింగ్ తెలిసినవాళ్ళకి చెప్పాలంటే, అదొక లాక్. ముందువాడు లాక్ వదిలేదాకా నీ వంతు రాదు.

ఆరోజు ఆ సిస్టమ్ తన పని కరెక్ట్‌గా చేసింది. ముందు బ్లాక్ ఖాళీ లేదని చెప్పి, 16 మంది ఉన్న ట్రైన్‌ని లిఫ్ట్ మీదే ఆపేసింది. కంప్యూటర్‌కి ఆ ఖాళీ ట్రైన్ కనిపించింది. మనుషులకి కనిపించలేదు. ఏదో తప్పుడు అలారం అనుకుని, సిస్టమ్‌ని ఓవర్‌రైడ్ చేసి, ట్రైన్ వదిలారు. అది వెళ్ళి ఆగి ఉన్న దాన్ని గుద్దింది. కొందరిని కిందికి దింపడానికి నాలుగు గంటలకి పైగా పట్టింది. ఇద్దరు అమ్మాయిలకి కాలు తీసెయ్యాల్సి వచ్చింది. 2016లో కోర్టు ఆ పార్క్ నడిపే మెర్లిన్ కంపెనీకి 50 లక్షల పౌండ్ల ఫైన్ వేసింది.

దర్యాప్తు చేసిన ప్రభుత్వ సంస్థ తేల్చింది ఏంటంటే, తప్పు ఆరోజు బటన్ నొక్కిన మనిషి దగ్గర ఆగదు. ఇలాంటి పరిస్థితిలో ఎవరు ఏం చెక్ చెయ్యాలి, ఎవరు ఓకే అనాలి అన్న పద్ధతి, ట్రైనింగ్ సరిగ్గా లేవు. మూలం అది.

నాకెందుకు ఇదంతా

ఇప్పుడు నా సంగతి.

నాకు పదేళ్ళప్పుడు మా ఊరి జాతరలో మా మామయ్య నన్ను జెయింట్ వీల్ ఎక్కించాడు. కూర్చున్నాక చూస్తే, ముందు అడ్డంగా ఉండే కడ్డీకి బోల్ట్ లేదు. బైండింగ్ వైర్ రెండు చుట్లు చుట్టి ఉంది.

'మామయ్యా, దీనికి బోల్ట్ లేదు.'

'ఏం కాదులేరా. గట్టిగా పట్టుకో.'

ఏం కాలేదు. తిరిగి దిగాం. చెరుకురసం తాగాం. కానీ ఆ పైన ఉన్నప్పుడు పడిన భయం, తర్వాత ఏళ్ళకి సింగపూర్‌లో మమ్మీ ఎక్కినప్పుడు పడిన భయం, రెండూ ఒకటి కాదు. సింగపూర్‌లో ఎంత అరిచినా, లోపల ఎక్కడో 'ఏం కాదు' అని తెలుసు. దిగాక నవ్వొచ్చింది. జాతరలో అరవలేదు, గొంతు పెగల్లేదు. దిగాక నవ్వు కూడా రాలేదు. మామయ్య అన్నది, సింగపూర్‌లో నా మనసు అన్నది, ఒకే మాట. 'ఏం కాదు.' ఒకదాని వెనక బోల్ట్ ఉంది, ఇంకోదాని వెనక వైర్ ఉంది. అంతే తేడా.

ఇంకోటి కూడా చెప్పాలి, కొంచెం సిగ్గుగానే ఉంది. నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో ఉన్నప్పుడు, ఒక రాత్రి ఆన్‌కాల్ డ్యూటీలో ఫోన్‌కి అలర్ట్ వచ్చింది. ఆ అలర్ట్ అంతకుముందు వారంలో నాలుగైదు సార్లు ఊరికే వచ్చింది. మళ్ళీ అదేలే అనుకుని మ్యూట్ చేసి పడుకున్నాను. పొద్దున లేచేసరికి కస్టమర్ల పేమెంట్లు గంటల తరబడి నిలిచిపోయి ఉన్నాయి. ఎవరి ప్రాణం పోలేదు, డబ్బులు వెనక్కి వచ్చాయి, నాకు చీవాట్లు పడ్డాయి. తర్వాత ఎప్పుడో స్మైలర్ గురించి చదువుతుంటే ఒళ్ళు చల్లబడింది. అక్కడ ఓవర్‌రైడ్ చేసినవాళ్ళు రాక్షసులు కాదు. 'మళ్ళీ అదేలే' అనుకున్న మామూలు మనుషులు. నాలాంటివాళ్ళు. తేడా ఏంటంటే, నా ట్రైన్‌లో పేమెంట్లు ఉన్నాయి, వాళ్ళ ట్రైన్‌లో మనుషులు ఉన్నారు.

అందుకే నాకు హారర్ కోస్టర్ అంటే గౌరవం. అది మంచిగా పనిచేస్తే ఎవరికీ కనపడని ఒక మాట ఇస్తుంది. 'నిన్ను ఎంత భయపెట్టినా, నీకు ఏమీ కానివ్వను' అని. ఎర్ర నీళ్ళు, మమ్మీ గొంతు, డిస్కో యేతి, ఇవన్నీ పైన వేసిన రంగు. ఆ మాటని నిలబెట్టేది బోల్ట్, బ్లాక్ సిస్టమ్, స్ప్రింక్లర్, ఇంకా అలారం మోగినప్పుడు 'ఒక్కసారి కిందికి వెళ్ళి చూసొద్దాం' అనే ఒక మనిషి.

మీకు నా రిక్వెస్ట్ ఇది. ఈ సెలవుల్లో హైదరాబాద్‌లో పార్క్‌కి వెళ్ళినా, సింగపూర్ వెళ్ళినా, ఊరి జాతరకి వెళ్ళినా, ఎక్కేముందు రెండు నిమిషాలు పక్కన నిలబడి చూడండి. ఆపరేటర్ ప్రతి సీటు దగ్గరికీ వచ్చి బార్ లాగి చూస్తున్నాడా? ఎత్తు తక్కువున్న పిల్లల్ని ఆపుతున్నాడా, లేక బతిమాలితే ఎక్కించేస్తున్నాడా? దయ్యాల గది అయితే బయటికి దారి ఎటో కనిపిస్తోందా? మీ చిన్న తమ్ముడో చెల్లో 'అన్నా, దీనికి బోల్ట్ లేదు' అంటే నవ్వెయ్యకండి. వంగి చూడండి. లేకపోతే దిగిపోండి. టికెట్ డబ్బులు పోతే పోనివ్వండి.

అన్నీ బాగున్నాయా? అయితే ఇంక ఎక్కండి. గొంతు పోయేలా అరవండి. భయపడటానికే కదా డబ్బులిచ్చింది!

మీరు ఎక్కిన వాటిలో బాగా భయపెట్టిన రైడ్ ఏంటో, అది చీకటితో భయపెట్టిందో, అబద్ధంతో భయపెట్టిందో, లేక మా జాతరలోలా వైర్‌తో భయపెట్టిందో, కింద రాయండి. అన్నీ చదువుతాను. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను మరి, జాగ్రత్త.